కడిగిన ఇసుక

వన్ టౌన్‌లో చేపల తొట్లు అమ్మే సాయిబుగారు నాతో అన్న మొదటి మాట, "ఇవి మీలాంటివాళ్ళకి కుదరవు సార్" అని. ఆయన ఆ మాట మర్యాదగానే అన్నారు. గొంతులో వెటకారం లేదు. కానీ నేను మాటని గుర్తుపెట్టుకుంటాను, గొంతుని కాదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. గవర్నరుపేటలో నాకు జాబ్ టైపింగ్ షాపు ఉండేది. కరెంటాఫీసు మీద, మునిసిపాలిటీ మీద, సొంత అన్నదమ్ముల మీద, ఎవరు ఎవరి మీద అర్జీ పెట్టుకోవాలన్నా నా దగ్గరికి వచ్చి టైపు చేయించుకునేవాళ్ళు. ఊరందరి ఫిర్యాదులూ కొట్టీ కొట్టీ, నా సొంత ఫిర్యాదులు మర్చిపోకపోవడం నాకు అలవాటైందని మా ఆవిడ అంటుంది. అది నిజం కాదు. ఆ అలవాటు ముందునుంచీ ఉండబట్టే ఆ షాపు పెట్టాను.

షాపు బల్ల మీద గాజు గిన్నెలో రెండు బంగారు చేపలుండేవి. వాటికి మేత కొనడానికి వెళ్ళినప్పుడు చూశాను దాన్ని. వెనక గోడవారగా ఉన్న తొట్టిలో, తెల్లటి ఇసుక మీద, నా మధ్యవేలంత చేప. తెల్లటి ఒంటి మీద నారింజ రంగు చుక్కలు. ఒంటికి మించిన నోరు. అది తల వంచి నోటినిండా ఇసుక తీసుకుంది. కాసేపు నమిలింది. తర్వాత మొప్పల్లోంచి, రెండు పక్కలా, ఆ ఇసుకంతా సన్నగా జారిపోయింది. మళ్ళీ తల వంచింది. మా అమ్మ బియ్యం గాలించేటప్పుడు గిన్నెని అలాగే వంచి, ఊపి, వంచేది.

"ఏం చేస్తోందండీ అది?" అన్నాను.

"అన్నం తింటోంది సార్. ఇసుకలో పురుగూ పుట్రా ఉంటాయి కదా. అవి ఏరుకుని, ఇసుక వదిలేస్తది. డైమండ్ గోబీ అంటారు. మద్రాసు నుంచి వచ్చింది."

నేను ధర అడగలేదు. అడిగేవాణ్ణే. ఈలోపే ఆయన, "ఉప్పునీళ్ళ తొట్టి సార్ ఇది. చాలా పని. మీలాంటివాళ్ళకి కుదరవు" అని, మేత పొట్లం నా చేతిలో పెట్టారు.

ఆ 'మీలాంటి'లో ఏముందో బస్సులో ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. నా చొక్కానా? చెప్పులా? నెల తిరక్కుండా పటమటలో మేం అద్దెకుంటున్న ఇంట్లో, ముందుగదిలో, ఉప్పునీళ్ళ తొట్టి వెలిసింది. ఉప్పు కలపడం, గాజు గొట్టంతో నీళ్ళ చిక్కదనం చూడటం, చేప వేయకముందు మూడు వారాలు నీళ్ళని ఊరికే తిరగనివ్వడం, అన్నీ సాయిబుగారి దగ్గరే నేర్చుకున్నాను. ఆయన విసుక్కోకుండా నేర్పారు. అది కూడా గుర్తుంది నాకు, కాదనను.

"మూడు వారాల నుంచి ఖాళీ తొట్టి ముందు కూర్చుంటున్నారు," అంది మా ఆవిడ. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూళ్ళేదు."

చేప వచ్చిన రోజు ఇసుకలో దూరి, మర్నాటిదాకా బయటికి రాలేదు. వచ్చాక ముందు ఇల్లు కట్టుకుంది. రాయి కింద ఇసుకని నోటితో తోడి, అవతలికి మోసుకెళ్ళి ఉమ్మి, మళ్ళీ వెనక్కొచ్చి తోడేది. పొద్దంతా అదే పని. సాయంత్రానికి రాయి కింద తను పట్టేంత గుహ తయారైంది. అందులోంచి మొహం మాత్రం బయటపెట్టి నన్ను చూసింది. నేను ఎవరి ముందూ ఊరికే కూర్చునే మనిషిని కాదు. అట్లాంటిది, పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, ఆ చేప నిద్రలేచి గుహలోంచి ఇంత ఇసుక ఊడ్చి బయటపోసేదాకా కూర్చునేవాణ్ణి. చేసిన పనే చేసినా దానికి విసుగు లేదు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఇక నీచు సంగతి చెప్పాలి.

ఇంటి ఓనర్లు పైవాటాలో ఉండేవాళ్ళు. శాకాహారులు. ఇల్లు అద్దెకడిగిన రోజు ఆ అమ్మగారు, "మీరు నీచు తింటారా?" అని అడిగారు. మా ఆవిడ నేల చూపులు చూస్తూ, "ఆదివారాలు మాత్రమేనండీ" అంది. అప్పటినుంచీ మా ఇంట్లో చేప వండితే వంటింటి కిటికీ మూసేవాళ్ళం. తొట్టి వచ్చిన కొత్తల్లో ఆ అమ్మగారు చూడ్డానికి కిందికొచ్చారు. చేప ఇసుక నమిలి వదలడం చూసి చిన్నపిల్లలా నవ్వారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, పైట చెంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, "ముద్దుగా ఉంది కానీ, ఏదో నీచు వాసన వస్తోందండీ గదిలో" అన్నారు.

నీచు అన్న మాటకీ నీచం అన్న మాటకీ మధ్య ఒక్క సున్నా అడ్డం. ఆ సున్నాని నేను నాలుగో తరగతిలోనే చూశాను. మా నాయనమ్మ నెత్తిన చేపల తట్టతో మా బడి ముందునుంచే వెళ్ళేది. తట్టలోంచి కారిన నీళ్ళు ఆమె భుజం మీద చారలు కట్టేవి. నన్ను చూస్తే ఆగి, అదే చేత్తో నా తల నిమిరేది. ఒకరోజు నా పక్కన కూర్చునేవాడు ముక్కు మూసుకుని, "నీచు కంపురా బాబూ" అని వెనక బెంచీకి పోయాడు. మాస్టారు వాణ్ణి ఏమీ అనలేదు. నన్ను కిటికీ పక్కకి మార్చారు, గాలి వస్తుందని. ఆ ఏడంతా నేను నాయనమ్మ వచ్చే వేళకి బడి వెనక ఉండేవాణ్ణి. మా నాన్న రైల్వేలో చేరాక చేపల పని మా ఇంట్లోంచి పోయింది. ఒక తరం గడిచి, పటమటలో, కాలరున్న చొక్కా వేసుకుని నిలబడినా, ఆ మాట వెతుక్కుంటూ వచ్చింది.

ఆ ఆదివారమే ఇసుక కడగడం మొదలుపెట్టాను. గొట్టం పెట్టి సగం ఇసుకని బేసిన్‌లోకి లాగి, పెరట్లో కుళాయి కింద బియ్యం కడిగినట్టు కడిగాను. మొదటి నీళ్ళు బురదగా, రెండోవి కుడితిలా, ఏడోవి తేటగా వచ్చాయి. ఎండలో ఆరబోసి, పంచదారలా మెరుస్తుంటే మళ్ళీ తొట్టిలో పోశాను. తర్వాతి ఆదివారం మిగతా సగం. అట్లా వారం వారం. వాసన పూర్తిగా పోయింది. నేనే ఇంటావిణ్ణి పిలిచి చూపించాను. ఆమె గది మధ్యలో నిలబడి గాలి పీల్చి, "ఇప్పుడు బాగుందండీ" అన్నారు. ఆ పూట నాకు రెండు ముద్దలు ఎక్కువ పోయాయి.

చేప మరింత కష్టపడటం మొదలుపెట్టింది. ఇంతకుముందు నాలుగుసార్లు గాలించి కాసేపు ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి, నోరు నింపుకోవడం, వదిలేయడం. "ఎంత పనిమంతురాలో చూడు," అని మా ఆవిడకి చూపించేవాణ్ణి. నేను వేసే మేత గింజలు నీళ్ళ మీద తేలి, నాని, వడపోత గొట్టంలోకి పోయేవి. అది తల ఎత్తి చూసేది కాదు. రెండు నెలలకి దాని తల వెనక గుంట పడింది. పొట్ట లోపలికి పోయి, పక్కనుంచి చూస్తే చాకుతో చెక్కినట్టయింది. అప్పటికి నాకు భయం వేసింది. వన్ టౌన్ వెళ్ళి సాయిబుగారికి చెప్పాను.

"ఇవి ఇళ్ళల్లో ఎక్కువ రోజులుండవు సార్," అన్నారాయన, కొంచెం బాధగానే. "నేను ముందే చెప్పాను కదా."

చెప్పారు. మర్చిపోతే కదా.

ఆ వారంలోనే మా అత్తగారు వచ్చారు. ఆవిడది బందరు అవతల, సముద్రం ఒడ్డు ఊరు. చేపలు కొని అమ్మే ఇల్లు. కంటిలో శుక్లం తీయించుకోవడానికి బెజవాడ వచ్చి, అద్దాలు ఇచ్చేదాకా మా ఇంట్లోనే ఉండాలన్నారు. ఆవిడకీ నాకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ వైపు అత్తలు అల్లుళ్ళతో ఎటూ నేరుగా మాట్లాడరు. తలుపు చాటునుంచి కూతురితో చెప్పిస్తారు. కాబట్టి మాకు మాటల్లేవన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. కారణం కూడా నాకే తెలుసు. పెళ్ళైన మర్నాడు వాళ్ళింట్లో భోజనాలు. పండుగప్ప పులుసు. మా అన్నయ్యకి నడుం ముక్క వడ్డించారు. మా తోడల్లుడికి తలకాయ వడ్డించారు. కొత్త అల్లుణ్ణి, నా విస్తట్లో తోక ముక్క పడింది. నేను తిని, చెయ్యి కడుక్కుని, లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆపరేషనైన మర్నాడు కుడి కంటికి కట్టుతో ఆవిడ ముందుగదిలో కూర్చున్నారు. ఎడమ కంట్లోనూ శుక్లమే. ఆ కంటికి గది పొగమంచులా కనబడుతుందట.

"అల్లుడుగారిని అడగవే, ఆ గుడగుడలాడేదేంటో," అన్నారు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. "చేపల తొట్టి అని చెప్పు," అన్నాను.

"చేపల తొట్టట," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఎన్ని చేపలంట?"

"ఒకటేనట. సముద్రం చేపట."

"ఒక్క చేపకి ఇంత చెరువా! అందులో ఏదో తెల్లగా కదుల్తున్నట్టుందిలే." ఆవిడ లేచి, తడుముకుంటూ వచ్చి, తొట్టి మూత పక్కకి జరిపారు. డాక్టరు తల వంచొద్దన్నాడు కాబట్టి నిటారుగా నిలబడే, కళ్ళు మూసుకుని, వాసన చూశారు. రేవులో తట్ట ముందు నిలబడి, ఏ చేప ఎప్పటిదో చెప్పేవాళ్ళు అట్లాగే చూస్తారు. మళ్ళీ చూశారు.

"ఏమే, ఇది సముద్రం చేప అన్నారుగా. మరి సముద్రం ఏదీ?"

"వాసన లేకుండా వారం వారం కడుగుతానని చెప్పు," అన్నాను. నా గొంతులో కొంచెం గర్వం ఉండే ఉంటుంది.

"ఏం కడుగుతారంట?"

"ఇసుక."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కట్టు కదులుతుందని నవ్వు ఆపుకుంటున్నారు. "అన్నం వండి, గంజి వార్చి, ఆ అన్నం కూడా పారబోసి, గిన్నె శుభ్రంగా కడిగి ముందర పెట్టినట్టుందే మీ ఆయన పని! ఆ నీచే కదే దాని అన్నం. అది కడిగేస్తే ఇంకేం తింటదీ, గులకరాళ్ళా?"

వంటింట్లో మా ఆవిడ కూడా నవ్వింది. నాకు వినబడింది.

ఆ తర్వాతి ఆదివారం నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఇసుక ఏడుసార్లు కాదు, పదిసార్లు కడిగాను. పంతం. బేసిన్‌లో చేతులు తిప్పుతున్నంతసేపూ ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుస్తూనే ఉంది. ఏడుసార్లు కడిగిన గిన్నెలో ఎవరికీ మెతుకు దొరకదు. తెలిసినా చెయ్యి ఆగలేదు. సాయంత్రానికి చేప గుహలోకి కూడా పోకుండా రాయికి ఒరిగి పడుకుంది. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి.

ఆ బుధవారం మధ్యాహ్నం షాపుకి కరెంటు పోయింది. మూసి ఇంటికొచ్చేశాను. ఇంట్లోనూ కరెంటు లేదు. తొట్టిలో గాలి ఆడించే మోటారు ఆగిపోయి ఉంది. మా ఆవిడ బజారుకెళ్ళినట్టుంది. మా అత్తగారు తొట్టి దగ్గర కుర్చీ వేసుకుని, స్టీలు గ్లాసుతో నీళ్ళు ముంచి, చెయ్యి పైకెత్తి, సన్నటి ధారగా మళ్ళీ తొట్టిలోకే పోస్తున్నారు. కాఫీ తిరగబోసినట్టు. నీళ్ళలోకి గాలి పోవాలని. ముంచడం, ఎత్తడం, పోయడం. ఎంతసేపటినుంచి చేస్తున్నారో, జాకెట్టు చెయ్యి మోచేతిదాకా తడిసిపోయి ఉంది.

చేపతో మాట్లాడుతున్నారు.

"పడుకోకే పిల్లా. కాస్త ఓర్చుకో. మీ నాన్న చెడ్డోడేం కాదు. పంతం మనిషి. నీకు తిండి పెట్టకూడదని కాదే, పెట్టడం తెలీక. మా ఇంటి గడప తొక్కి తొమ్మిదేళ్ళయింది. నేనేం తప్పు చేశానో నోరు తెరిచి చెప్పడు. చెబితే కదా దిద్దుకోవడానికి. నువ్వైనా అడగవే."

"తోక ముక్క," అన్నాను గుమ్మంలోంచి.

గ్లాసు ఆగింది. ఆవిడ చటుక్కున పైట సర్దుకున్నారు. తలుపు చాటుకి పోదామంటే తలుపు నా వెనక ఉంది. నీళ్ళు వదిలేసి పోవడానికి లేదు. మళ్ళీ గ్లాసు ముంచారు.

"తోక ముక్కేంటండీ?" అన్నారు. అది ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట.

చెప్పాను. పండుగప్ప, నడుం ముక్క, తలకాయ, ఎవరి విస్తట్లో ఏది పడిందో అన్నీ చెప్పాను. నేను కూర్చున్న వరస, నాకు వడ్డించిన చెయ్యి ఆవిడదేనన్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ మొత్తం విన్నారు. ధార మాత్రం తెగలేదు.

"అమ్మో, తొమ్మిదేళ్ళు మోశారా దాన్ని!" అన్నారు. "మీ వైపు నుంచి చెప్పినవాళ్ళకంటే ఎక్కువమంది వచ్చారండీ ఆ పూట. మీ దాకా వచ్చేసరికి ముక్కలు అయిపోయాయి. నాకని అడుగున తీసి పెట్టుకున్న ముక్క ఒక్కటి మిగిలింది. కొత్తల్లుడికి ఒట్టి పులుసు ఎట్టా పోస్తాను? అదే వేశాను. నేను పచ్చిమిరపకాయ కొరుక్కుని తిన్నాను."

ఇది నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను. అంత పెద్ద వంటలో ఇంకెక్కడా ఒక ముక్క దొరకదా? ఆ లెక్క నాకు కుదరదు. కానీ ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ చెయ్యి మునుపటంత పైకి లేవలేదు. పులుసు గుర్తొచ్చి కాదు, చెయ్యి ఎత్తి ఎత్తి.

"ఇటివ్వండి అత్తయ్యగారూ. నేను పోస్తాను," అన్నాను.

గ్లాసు ఇచ్చారు. "ముందు దాని తిండి సంగతి చూడండి. తోక సంగతి తర్వాత నిదానంగా పోట్లాడుకుందాం."

ఆ సాయంత్రం మా బావమరిదికి ఫోను చేశాం. మర్నాడు పొద్దున బందరు బస్సులో మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది. సముద్రం పోటు తగ్గి వెనక్కి పోయిన చోట తవ్విన తడి ఇసుక. మా తొట్టిలో పంచదార లాంటి ఇసుక ముందు అది బొగ్గులా ఉంది. మూత తీయగానే బస్టాండులో నా పక్కవాళ్ళు జరిగారు. ఇంటికొచ్చి, అత్తయ్యగారు చెప్పినట్టు, కడక్కుండా, దోసిళ్ళతో తొట్టి మూలల్లో పెట్టాను. దోసిట్లో వెంట్రుకంత పురుగులు మెలికలు తిరిగాయి. నీళ్ళు రెండు గంటలు మబ్బు పట్టాయి. సాయిబుగారికి చెబితే గుండె పట్టుకునేవారు.

దాంతోపాటు చిట్టిరొయ్యలు. అత్తయ్యగారు వాటిని చెంచా వెనకతో మెత్తగా నూరారు. ఒంగకూడదు కాబట్టి తొట్టిలో చెయ్యి పెట్టడం నా వంతు. ఆవిడ కుర్చీలోంచి చెప్పేవారు.

"మీద చల్లకండి. అది పైకి చూసే జాతి కాదు. వేలితో ఇసుకలోకి గుచ్చండి. దాని నోటి ముందర. ఆఁ... దానికి నేలలోనే వడ్డించాలి."

"గుచ్చాను."

"తిందా?"

"లేదు."

"కదిలిందా?"

"కళ్ళు తిప్పింది."

"చాల్లెండి. ఇంకో గంటాగి మళ్ళీ పెడదాం."

రోజుకి నాలుగుసార్లు. మొదటి రోజు తినలేదు. రెండో రోజు నోటితో ఇసుక తీసుకుంది, కానీ నమిలే బలం లేక కింద పోసేసింది. నేను షాపుకి వెళ్ళినా బల్ల ముందు కుదురు లేదు. అర్జీలో 'మహారాజశ్రీ' అని కొట్టాల్సినచోట రెండుసార్లు తప్పు కొట్టాను. వచ్చినాయన కాగితం అందుకుంటూ ముక్కు ఎగబీల్చి నా చేతుల వంక చూశాడు. అంతకుముందు నేనైతే లేచి వెళ్ళి సబ్బుతో మోచేతులదాకా రుద్దుకునేవాణ్ణి. ఆ రోజు తప్పు దిద్దడం ముఖ్యమనిపించింది. దిద్ది, షాపు మూసి, మూడో పూట తిండి వేళకి ఇంటికి పరిగెత్తాను.

మూడో రోజు సాయంత్రం నా వేలి పక్కనే, గోరుకి తగిలేంత దగ్గరగా, అది నోరు తెరిచి ఇసుక తీసుకుంది. నమిలింది. మొప్పల్లోంచి ఇసుక జారింది. నల్లదీ తెల్లదీ కలిసి. రొయ్య ముద్ద మాత్రం బయటికి రాలేదు. మళ్ళీ తల వంచింది.

"తిందండీ," అన్నాను.

"మరి ఏడవడం దేనికి? ఇంకొంచెం పెట్టండి," అన్నారు అత్తయ్యగారు.

నాలుగు వారాల్లో పొట్ట నిండింది. వాసన కూడా నిండింది. ఎక్కువ కాదు. తలుపు తీయగానే ఒక్కసారి తగిలి, తర్వాత తెలీదు. మాకు తెలీదు. పైవాటా అమ్మగారు ఒకరోజు కిందికొచ్చారు. గుమ్మం దాటలేదు.

"మళ్ళీ నీచు వాసన మొదలైందండీ. మెట్లమీదికి వస్తోంది."

"అవునండీ," అన్నాను.

నేను కాదంటానని, లేకపోతే క్షమించమంటానని ఆమె అనుకుని ఉంటారు. "ఏదో ఒకటి చెయ్యాలి కదండీ మరి," అన్నారు.

"చేశానండీ. చేస్తే వచ్చిందే ఈ వాసన. చేప తింటోంది."

ఆమె మంచిమనిషి. తన కుండీల్లో పూసిన మల్లెలు మా ఆవిడకి రోజూ పంపేవారు. ముఖం చిన్నబుచ్చుకుని, "మావారు ఒప్పుకోరండీ. ఆ తొట్టి తీసేయండి, లేదంటే వేరే ఇల్లు చూసుకోండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. నేను ఆ మాటని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను.

మా ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. మంచి ఇల్లు, మంచి నీళ్ళు. ఆమె బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, "కిటికీలు మూసి చేప వండీ వండీ నాకు ఊపిరాడట్లేదు. ఎప్పుడూ మీ ఒక్కరికే జరిగినట్టు చెబుతారు అన్నీ" అంది. ఇన్నేళ్ళలో ఆమె కూడా కొన్ని గుర్తుపెట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది.

కృష్ణలంకలో రెండు గదుల ఇల్లు దొరికింది. పక్కింట్లో ఎండుచేపలు వేయించే వాసన మమ్మల్ని వీధి మొదట్లోనే పలకరించింది. సామాను రిక్షాబండిలో పంపి, తొట్టి నీళ్ళు క్యాన్లలో, ఇసుక టబ్బుల్లో, చేపని మూతకి చిల్లులు పెట్టిన బకెట్లో వేసుకుని ఆటో ఎక్కాం. బకెట్టు అత్తయ్యగారు ఎవరికీ ఇవ్వలేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా వాటేసుకున్నారు.

"ఏంటి మామ్మా, పాలా?" అన్నాడు ఆటో ఆయన.

"కాదు నాయనా, మనవరాలు. గుంటలు చూసి పోనీ."

కొత్త ఇంట్లో తొట్టి నింపి, నీళ్ళు తేటపడ్డాక వదిలాం. అది అడుగుకి దిగి, ఒక్క దూకుతో ఇసుకలోకి పోయింది. అంతే. ఆ రోజు రాలేదు. మర్నాడు రాలేదు. పెట్టిన రొయ్య ముద్దలు పెట్టినచోటే తెల్లబడ్డాయి. నేను మూడుసార్లు చొక్కా చేతులు మడిచాను.

"తవ్వకండి," అన్నారు అత్తయ్యగారు.

"పోయిందేమోనండీ. కుదుపులకి."

"పోతే వాసన చెప్పదూ? నాకు చెప్పలేదు. ఉంది. అలిగింది. ఎవరింటి చేపో తెలుస్తోందిగా."

మూడో రోజు పొద్దున ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి అద్దాలు తెచ్చాం. ఆటో దిగి లోపలికి రాగానే ఆవిడ ముందు గోడ మీద కాలెండరు చదివారు, తర్వాత కూతురి మొహం చూసి "చిక్కిపోయావే" అన్నారు, తర్వాత నావైపు చూసి, పైట సర్దుకుని, తొట్టి దగ్గర కుర్చీలో కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఇసుక ఉన్నచోటే ఉంది. మా ఆవిడ కాఫీలు తెచ్చి, తనూ వెళ్ళకుండా నిలబడిపోయింది. కాఫీ చల్లారిపోయింది.

రాయి వెనక, ఓ మూల, ఇసుక కొంచెం ఉబ్బింది. పగిలింది. ముందు పెద్ద నోరు, తర్వాత కళ్ళు. అది ఒళ్ళు విదిల్చుకుని బయటికొచ్చి, మా ముగ్గురినీ ఒకసారి చూసి, తల వంచి నోటినిండా తీసుకుంది.

అత్తయ్యగారు అద్దాలు సవరించుకుని, ముక్కు గాజుకి ఆనేదాకా ముందుకి జరిగారు.

"చుక్కలున్నాయే దీనికి!" అన్నారు. "నారింజ చుక్కలు. ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేంటండీ, దీనికి చుక్కలున్నాయని?"

నిజమే. చెప్పలేదు. దాని పొట్ట గురించి తప్ప మేం ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఆవిడ వేలితో గాజు మీద ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టబోయారు. చేప కుదురుగా ఉంటే కదా. నాలుగు దాకా వచ్చి తప్పిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు.